నురగ మెత్తన... మత్తు కూడా మెత్తనేనా?

బీరులోకి ఎక్కించే గాలి గురించి సినిమా పత్రికలో వ్యాసం ఏమిటని ముక్కున వేలేసుకోకండి. ఈ గాలికీ సినిమాకీ దగ్గర చుట్టరికం ఉంది. నలుపూ తెలుపూ రెండే రంగుల్లో కళ్ళు చెదరగొట్టడం, పైకి పోవలసినదాన్ని కిందికి పంపించి నోరెళ్ళబెట్టించడం, సరిగ్గా ఆత్రం పెరిగిన చోట ఇంటర్వెల్ ఇవ్వడం, బయటికొచ్చాక జేబు తడుముకునేలా చెయ్యడం... ఇవన్నీ మన సినిమా హాలుకీ తెలుసు, నేను చెప్పబోయే నల్ల గ్లాసుకీ తెలుసు.

ఆ గ్లాసు పేరు గిన్నిస్. ఊరు డబ్లిన్. దేశం ఐర్లండ్. గాలి పేరు నైట్రజన్.

మొదటే ఓ మనవి. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మద్యం అమ్మకూడదు. ఈ వ్యాసం చదవడానికి మాత్రం వయసు అడ్డురాదు. ఇది తాగమని చెప్పే ప్రకటనా కాదు, తాగొద్దని చెప్పే హరికథా కాదు. ఒకే గ్లాసు మీద నలుగురు నాలుగు రకాలుగా మాట్లాడుతుంటే, ఆ మాటలన్నీ విని నాకు తోచింది చెబుతున్నాను. మధ్యలో చిన్న కథ కూడా ఉంది. తొందరపడకండి, అది ఇంటర్వెల్ తర్వాత వస్తుంది.

విలన్ లేని బారు

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. కంప్యూటర్ల ఉద్యోగం పుణ్యమా అని 8 ఏళ్ళుగా డబ్లిన్‌లో ఉంటున్నాను. వారమంతా తెర ముందు కూచుని కళ్ళు కాయలు కాయించుకోవడం, శనివారం ఏదైనా తెలుగు సినిమా ఆడుతుంటే మళ్ళీ ఇంకో తెర ముందు కూచోవడం, ఆట వదిలాక స్నేహితులతో పబ్బులో చేరి ఆ సినిమాని చీల్చి చెండాడటం... ఇదీ నా దినచర్య.

మన సినిమాల్లో గ్లాసు కనబడిందంటే రెండే అర్థాలు. హీరో చేతిలో ఉంటే గుండె పగిలిందని. విలన్ చేతిలో ఉంటే ఎవరి కొంపో మునగబోతోందని! 1953లో 'దేవదాసు' వచ్చింది మొదలు ప్రేమ విఫలమైన ప్రతి కుర్రాడికీ ఒక సీసా, ఒక శాలువా, ఒక కుక్క ఉండితీరాలని మనం తీర్మానించేసుకున్నాం. అందుకే మొదటిసారి పబ్బులో అడుగుపెట్టినప్పుడు నా కళ్ళు తెలియకుండానే క్లబ్ డాన్సర్ కోసం, మెట్ల మీంచి దిగే విలన్ కోసం వెతికాయి.

అబ్బే! ఒక మూల తాతగారు పేపరు చదువుకుంటున్నారు. ఇంకో మూల ఇద్దరు ఆడవాళ్ళు పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకాయన కుక్కతో సహా వచ్చాడు గాని, ఆయన మొహంలో విషాదం ఇసుమంతైనా లేదు!

చాలామంది ముందు అదే గ్లాసు. కింద నలుపు, పైన తెలుపు. ఈస్ట్‌మన్ కలర్ కాలంలో ఎవరో పట్టుబట్టి తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమాలాగ!

దాన్ని పొయ్యడమే ఒక సీను. కౌంటరు వెనక మనిషి గ్లాసుని 45 డిగ్రీలు వంచి, కుళాయి ముందుకు లాగి, ముప్పాతిక వంతు నింపి, అక్కడ పెట్టేసి వేరేవాళ్ళతో కబుర్లలో పడిపోతాడు. అలవాటు లేనివాళ్ళకి 'ఇదేమిటి, నా గ్లాసు మధ్యలో వదిలేశాడు?' అనిపిస్తుంది. వదల్లేదు. అది ఇంటర్వెల్! గ్లాసులో మాత్రం తుపాను జరుగుతూ ఉంటుంది. చాకలెట్ రంగు మేఘాలు గోడల వెంట దొర్లిదొర్లి, మెల్లగా తేరుకుని, కింద నలుపు గడ్డకట్టినట్టు నిలబడుతుంది. అప్పుడొచ్చి మిగతాది నింపుతాడు. మొత్తం కార్యక్రమానికి కంపెనీవారు చెప్పే లెక్క 119.5 సెకన్లు. ఆ అర సెకను దగ్గర కూడా బేరం లేదు చూశారా!

నలుపు అన్నానా? దీపానికి అడ్డం పెట్టి చూడండి, ముదురు కెంపు రంగు కనిపిస్తుంది. మాడ్చి వేయించిన బార్లీ వల్ల వచ్చిన రంగు అది. ఆ బార్లీవల్లే కాఫీ గింజల్ని గుర్తుచేసే చేదు కూడా.

ఇక రుచి. బీరంటే మనకి తెలిసింది గోలీసోడా తమ్ముడు. గుటక వెయ్యగానే ముక్కు పుటాల దాకా జిల్లుమనాలి. ఇది అనదు. పెదవికి ముందు మీగడ తగుల్తుంది, ఆ వెనక చల్లటి చేదు చప్పుడు లేకుండా జారిపోతుంది. అంతే.

మా కరీంనగర్ మిత్రుడు మొదటి గుటక వేసి నా మొహంలోకి చూశాడు.

"గిదేందన్నా! బీరంటివి... సల్ల తాగినట్టున్నది. నాలుకకు తగుల్తనే లేదు!"

ఈ గాలి మీద ఉన్న అభిప్రాయ భేదాలన్నిటికీ ఆ ఒక్క మాటే మూలం. నాలుకకి తగలకపోవడం మంచిదా, చెడ్డదా? అదీ ప్రశ్న.

గాలి కబుర్లు

మామూలు బీరులో ఉండేది కార్బన్ డయాక్సైడ్. గోలీసోడాలో ఉండేదీ అదే. అది నీళ్ళలో బాగా కరుగుతుంది. కరిగి, కొంచెం పుల్లని ఆమ్లంగా మారుతుంది. నాలుక మీద చురుక్కుమనేది అదే.

నైట్రజన్ వ్యవహారం వేరు. రుచి లేదు, వాసన లేదు, నీళ్ళలో కరగమంటే మహా బద్ధకం. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే అయినా, ఉన్నట్టు కూడా తెలియనివ్వదు. పెళ్ళివారింట్లో పని అంతా చేసి ఫొటోలో ఎక్కడా కనబడని మేనమామ లాంటిది!

పబ్బులో కౌంటరు కింద ఉండే సిలిండర్‌లో ఇంచుమించు 75 శాతం నైట్రజన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. కుళాయి మూతిలో సన్నటి బెజ్జాలున్న చిన్న బిళ్ళ ఉంటుంది. గట్టి ఒత్తిడితో బీరు ఆ బెజ్జాల్లోంచి దూరేసరికి, బలవంతాన కరిగించిన నైట్రజన్ ఒక్కసారి విడిపోయి లెక్కలేనన్ని బుడగలవుతుంది. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు పదోవంతు. కార్బన్ డయాక్సైడ్ నురగలోనైతే చిన్న బుడగలోని గాలి పెద్ద బుడగలోకి జారుకుంటుంది, చిన్నవి మాయమై పెద్దవి పగిలి నురగ చెదిరిపోతుంది. నైట్రజన్‌కి బీరులో కరగడమే చేతకాదు గనక ఆ ఫిరాయింపులు అంతగా సాగవు. అందుకే ఆ మీగడ గ్లాసు అడుగుదాకా మనతో వస్తుంది.

ఇదంతా మనకి కొత్తనుకుంటున్నారా? మన ఇళ్ళలో కాఫీని గ్లాసులోంచి గిన్నెలోకి బారెడెత్తున తిరగబోస్తే నురగ కడుతుంది చూడండి, ఆ నురగలో ఉన్నది గాలి. గాలిలో ఎక్కువ భాగం నైట్రజన్! ఈ సంగతి తెలియకుండానే మన అమ్మమ్మలు నైట్రజన్ కాఫీ ఇచ్చారన్నమాట. ఇప్పుడు పెద్ద ఊళ్ళ కాఫీ షాపుల్లో 'నైట్రో కోల్డ్ బ్రూ' అని అమ్ముతున్నది కూడా బీరు కుళాయి దగ్గర నేర్చుకున్న విద్యే.

ఒక్క జాగ్రత్త. పార్టీల్లో పొగలు కక్కుతూ కనిపించే ద్రవ నైట్రజన్ వేరు. అది మైనస్ 196 డిగ్రీల చలి. పొగ పూర్తిగా పోకముందే గుటక వేసి పొట్టకి చిల్లు పడి ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళున్నారు. పేరు ఒకటే అయినా ఆ వేషం వేరు, ఈ వేషం వేరు. కంగారు పడకండి, దానితో కలపకండి.

డూపు హీరో అయిన కథ

ఈ కంపెనీ మొదలై చాలా కాలమైంది. 1759లో ఆర్థర్ గిన్నిస్ అనే ఆయన డబ్లిన్‌లో సెయింట్ జేమ్స్ గేట్ అనే చోట ఒక బీరు కార్ఖానాని లీజుకు తీసుకున్నాడు. అద్దె ఏడాదికి 45 పౌండ్లు. లీజు ఎన్నేళ్ళకో తెలుసా? 9,000 ఏళ్ళకి! మన నిర్మాతలు మూడు సినిమాలకి అగ్రిమెంటు రాయించుకుని బెదిరిపోతుంటారు, ఆయన గుండె ధైర్యం చూడండి.

అయితే అప్పట్లో నైట్రజన్ లేదు. ఐర్లండ్ పబ్బుల్లో రెండు పీపాలుండేవి. ఒకదానిలో బాగా పొంగే కొత్త సరుకు, ఇంకోదానిలో పొంగు తగ్గిన పాత సరుకు. రెండూ ఒడుపుగా కలిపి పోస్తేనే ఆ మెత్తదనం వచ్చేది. అది చేతి విద్య. అందరికీ పట్టుబడదు. దేశమంతా ఒకేలా ఉండాలంటే కుదరదు. పోనీ ఒకే పీపాలో పెట్టి కార్బన్ డయాక్సైడ్‌తో తోస్తే, పెద్దింటి ఇల్లాలికి సర్కస్ దుస్తులు తొడిగినట్టు చిటపటలాడుతూ వచ్చేది.

అప్పుడు రంగప్రవేశం చేశాడు మైకేల్ ఆష్. కేంబ్రిడ్జిలో లెక్కలు చెప్పిన మనిషి. బీరు కంపెనీలో చేరి, నైట్రజన్ కలిపితే ఆ పాత మెత్తదనం తెప్పించవచ్చని పట్టుపట్టాడు. తోటివాళ్ళు నవ్వారు. 'డ్రాఫ్ట్ గిన్నిస్'లో ఒక్క అక్షరాన్ని సాగనంపి ఆ ప్రయత్నానికి 'డాఫ్ట్ గిన్నిస్' అని పేరు పెట్టారు. డాఫ్ట్ అంటే పిచ్చి! ఆ పిచ్చే 1959లో, కంపెనీకి రెండు వందల ఏళ్ళు నిండిన సంవత్సరంలో, బజారుకొచ్చింది. కొన్నేళ్ళకల్లా పీపాల విద్య మూలపడింది.

అసలు హీరో నడకని అనుకరించడానికి పెట్టిన డూపు, చివరికి తనే హీరో అయిపోయాడన్నమాట! ఇవాళ ఎవరైనా 'అసలైన గిన్నిస్' అంటే ఆ డూపు గురించే మాట్లాడుతున్నారు.

తరవాత ఇంటికి తీసుకుపోయే డబ్బా వంతు. డబ్బాలో కుళాయి ఉండదు గదా! అందుకని నైట్రజన్ నింపుకున్న చిన్న ప్లాస్టిక్ బుడ్డి ఒకటి లోపల పెట్టారు. మూత తియ్యగానే ఒత్తిడి తగ్గి అది లోపలే చిమ్ముతుంది, నురగ లేస్తుంది. దాని పేరు విడ్జెట్. 1980ల చివర్లో వచ్చిన ఈ చిట్కాకి 1991లో బ్రిటన్ రాణిగారి పేరిట ఇచ్చే సాంకేతిక పురస్కారం కూడా దక్కింది. డబ్బా ఊపితే లోపల గోళీలా కదిలేది అదే. గోలీసోడా ఎక్కడికీ పోలేదు సుమండీ, వేషం మార్చుకుని డబ్బాలో దూరింది!

కిందికి దిగే బుడగలు

ఇక అసలైన ట్రిక్ షాట్. గ్లాసు పక్కన పెట్టి చూస్తే బుడగలు కిందికి దిగుతుంటాయి. పైకి పోవలసిన గాలి కిందికి దిగడమేమిటి?

'మాయాబజార్'లో వెన్నెల చూసి ఎంతమంది మోసపోలేదు! ఎండలో పట్టినదాన్ని వెన్నెలగా చూపించిన మార్కస్ బార్ట్లీ కెమెరా పనితనం అది. ఇది కూడా అలాంటి కంటి భ్రమే అనుకున్నాన్నేను. కాదట. 2004లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్, స్కాట్లండ్‌లోని ఎడింబరో శాస్త్రజ్ఞులు వేగంగా పట్టే కెమెరాతో చిత్రించి, నిజంగానే దిగుతున్నాయని చూపించారు. 2012లో ఐర్లండ్‌లోనే లిమరిక్ యూనివర్సిటీవారు కారణం తేల్చారు. కారణం గ్లాసు ఆకారం! పైన వెడల్పు, కింద ఇరుకు. బుడగలు నిటారుగా లేస్తుంటే వాలుగా ఉన్న గోడ పక్కన బుడగలు పలచబడతాయి. అక్కడి బీరు బరువై కిందికి జారుతుంది, సన్నటి బుడగల్ని తనతో ఈడ్చుకుపోతుంది. మధ్యలో మాత్రం అవి పైకే పోతున్నాయి. ముదురు రంగు వల్ల మనకది కనబడదు. గోడ పక్కన జరిగేదే మనం చూసే సినిమా!

ఈ ఆలస్యాన్ని కూడా కంపెనీవారు సొమ్ము చేసుకున్నారు. ఎదురుచూసినవాడికే మంచిది దక్కుతుందని ప్రచారం మొదలెట్టారు. 1999లో జొనథన్ గ్లేజర్ తీసిన ప్రకటనలో, హవాయి సముద్రంలో అలలు తెల్ల గుర్రాలై దూకుతాయి. అదీ బ్లాక్ అండ్ వైట్‌లోనే! మరుసటి ఏడు బ్రిటన్‌లో జరిగిన పోటీలో జనం దాన్నే అన్ని టీవీ ప్రకటనల్లోకీ గొప్పదని ఎన్నుకున్నారు. ఆ గ్లేజరే తరవాత తీసిన 'ద జోన్ ఆఫ్ ఇంటరెస్ట్' 2024లో ఉత్తమ అంతర్జాతీయ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకుంది. నిముషం పైచిలుకు ప్రకటనలో చూపించిన ఓపిక ఊరికే పోతుందా!

ఎవరి నాలుక వారిది

మా ఆఫీసులో కార్క్ అనే ఊరినుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన ముందు గిన్నిస్ పేరెత్తితే మొహం చిట్లిస్తాడు. నైట్రజన్ మీద కోపం కాదు, డబ్లిన్ మీద కోపం! ఆయన దృష్టిలో మర్ఫీస్, బీమిష్... ఈ రెండే స్టౌట్లు. అవీ నైట్రజన్‌తో వచ్చేవే, అవీ నల్లగానే ఉంటాయి. గుంటూరువాడు మిరపకాయ గురించీ, ఆత్రేయపురంవాడు పూతరేకు గురించీ మాట్లాడేటప్పుడు ఎవరైనా వాదిస్తారా? నేనూ వాదించలేదు.

అసలు వ్యతిరేకి ఇంకొకాయన. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ మనిషి. ఆయన పీపాలోనే పులుస్తూ, సొంతంగా పొంగే బీరు తప్ప తాగడు. 1971లో బ్రిటన్‌లో అలాంటి బీరుని కాపాడటానికి 'కామ్రా' అనే సంఘం పుట్టింది. బయటినుంచి గాలి ఎక్కించిన ఏ బీరూ వాళ్ళకి గిట్టదు. విచిత్రమేమిటంటే ఆ సంఘానికి పురుడు పోసింది ఐర్లండ్‌లోని కెర్రీలో, సెలవులకని వెళ్ళిన నలుగురు! 1990లలో నైట్రజన్ పట్టించిన 'స్మూత్' బీర్లు ఇంగ్లండ్ పబ్బుల్లోకి వరదలా వచ్చిపడ్డాయి. ఆ రోజులు తలుచుకుని ఆయన ఒకటే మాట అంటాడు. "స్టౌట్‌కి ఆ దుప్పటి నప్పుతుంది. దాని కింద మనిషి ఉన్నాడు. మిగతావాటికి దుప్పటి తీసి చూస్తే కింద దిండే!"

నేను ఈ మాట అనువాదం చేసి చెప్పగానే మా కరీంనగర్ మిత్రుడు ఎగిరి గంతేశాడు. "గదే గదా నేను జెప్పేది! పొద్దుగాల దించిన కల్లు దానంతటదే పొంగుతది. కల్లుకు ఎవరన్న గాలి కొడ్తరా అన్నా?"

యార్క్‌షైరూ కరీంనగరూ అలా ఒక్కటైపోయాయి. తాటిచెట్టు ఎరగని ఆయనా, పీపా ఎరగని ఇతనూ చెప్పేది ఒకటే. ప్రాణమున్న సరుకు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. గాలి కొట్టిన సరుకు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

అమెరికావాళ్ళు ఇంకాస్త ముందుకెళ్ళారు. కొలరాడోలోని లెఫ్ట్ హ్యాండ్ కంపెనీ 2011లో విడ్జెట్ లేకుండానే సీసాలో నైట్రజన్ స్టౌట్ తెచ్చింది. 2015లో గిన్నిస్‌వారే ఐ.పి.ఎ. అనే బీరుకి కూడా నైట్రజన్ పట్టించారు. ఇక్కడ మాత్రం నేను యార్క్‌షైర్ పక్షం. ఐ.పి.ఎ.కి ప్రాణం హాప్ పువ్వుల వాసన. ఆ వాసనని ముక్కుదాకా మోసుకొచ్చేది చిటపటలాడే కార్బన్ డయాక్సైడే. దాన్ని తగ్గించి మీగడ కప్పితే, ఘంటసాలవారి చేత పాడించి పాటంతా వయొలిన్లతో ముంచేసినట్టు! పాట ఉంటుంది, గొంతు వినబడదు.

ఇంటర్వెల్ తర్వాత

ఇప్పుడు కథ.

మా ఇంట్లో పై గదిలో ఎం.ఎస్సీ. చదివే కుర్రాడు అద్దెకుంటున్నాడు. ఒంగోలు వైపువాడు. నన్ను నోరారా 'అన్నయ్యా' అంటాడు. వాళ్ళింటా వంటా తాగుడు లేదు. స్నేహితులు మొదటిసారి మామూలు బీరు చేతిలో పెడితే రెండు గుటకలు వేసి, ముక్కులోకి ఎక్కి, కళ్ళనీళ్ళు పెట్టుకుని 'ఛీ, ఇదేం రుచి!' అని పక్కన పెట్టేశాడు. అక్కడితో కథ కంచికి పోవలసింది. ఇంకో రోజు ఎవరో నల్ల గ్లాసు ఇచ్చారు.

"అన్నయ్యా, ఇది అచ్చు కోల్డ్ కాఫీలా ఉంది!" అన్నాడు ఇంటికొచ్చి, చిన్నపిల్లాడిలా.

అది ఒకటి. తరవాత రెండు. ఆర్నెల్లు తిరిగేసరికి వారానికి మూడు రాత్రులు, రాత్రికి నాలుగు. ఇక్కడ ఒక పైంటు ఆరు యూరోలకి తక్కువ దొరకడం కష్టం. అంటే మన లెక్కలో ఇంచుమించు 600 రూపాయలు. నాలుగు పైంట్లంటే దుకాణంలో నిలబడి పనిచేసే ఆ కుర్రాడికి దాదాపు రెండు గంటల కష్టం. చదువు రోజుల్లో విద్యార్థికి వారానికి 20 గంటలే పనిచేసే అనుమతి. అందులో ఆరు గంటలు నురగైపోతున్నాయి!

డబ్బు సంగతెత్తితే నవ్వేశాడు. "పోనీలే అన్నయ్యా, ఇది లైటు గదా. పాలలాగా దిగిపోతోంది. గొంతులో మంట కూడా లేదు."

మంట లేదు! ఆ మాట నా చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే అదే మాట వేరేలా చెప్పిన మనిషి మా ఇంట్లో ఒకడుండేవాడు.

మా బాబాయి సారా తాగేవాడు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993లో సారా పోయింది. వెండితెర మీద రాముడూ కృష్ణుడూ అయిన రామారావుగారు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాక 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రాజకీయాల మాట ఎలా ఉన్నా, ఆ కాలంలో మా పిన్ని తలలో పూలు చూశాను. 1997లో నిషేధం ఎత్తేశారు. బాబాయి మళ్ళీ మొదలెట్టాడు. మూడేళ్ళకి పోయాడు. అప్పటికి ఆయన వయసు 44.

నేను కుర్రాణ్ణి. ఒకసారి అరుగు మీద కూచుని ఆయన నాతో అన్నాడు. "మంట ఉన్నంతసేపే మనిషికి లెక్క తెలుస్తుందిరా అబ్బాయ్. మంట తెలీడం మానేసిందా, ఇక లెక్కా తెలీదు."

ఆయనకి మంట అలవాటై చచ్చిపోయింది. ఈ కుర్రాడికి మంట అసలు పుట్టనే లేదు. నైట్రజన్ దాన్ని ముందే తీసేసింది!

ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర కూచోబెట్టి కాగితమ్మీద లెక్క వేసి చూపించాను. పైంటు అంటే 568 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాలు 4.2 శాతం. అంటే దాదాపు 24 మిల్లీలీటర్ల అసలు సరుకు. మన ఊళ్ళో విస్కీ 42.8 శాతం. ఒక లార్జి, అంటే 60 మిల్లీలీటర్లలో ఉండేది 26 లోపు. అంటే ఒక నల్ల గ్లాసూ ఒక లార్జీ ఇంచుమించు కవలపిల్లలు!

"నాలుగు లార్జిలకి కాస్త తక్కువ. వారానికి మూడుసార్లు. మీ నాన్నకి ఫోన్ చేసి 'రోజూ కోల్డ్ కాఫీ తాగుతున్నాను' అని చెబుతావా, 'లార్జిలు లాగిస్తున్నాను' అని చెబుతావా?" అన్నాను.

వాడు చాలాసేపు ఆ కాగితం కేసే చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "మరి ఎందుకన్నయ్యా ఏమీ లేనట్టుంటుంది?" అన్నాడు.

న్యాయం చెప్పాలంటే ఈ నల్ల బీరు నిజంగానే గాఢమైంది కాదు. మన దగ్గర 'స్ట్రాంగ్' అని అమ్మే బీర్లలో 8 శాతం దాకా ఉంటుంది. ఇది అందులో సగం. రంగు చూసి భయపడేవాళ్ళదీ పొరపాటే, నురగ చూసి ధీమా పడేవాళ్ళదీ పొరపాటే. సోడా చురుకు తాగేవాడికి ఒక బ్రేకు. కడుపు ఉబ్బుతుంది, తేపు వస్తుంది, చెయ్యి ఆగుతుంది. నైట్రజన్ ఆ బ్రేకుని సడలిస్తుంది. బండి వేగం పెంచదు, రోడ్డు నున్నగా చేస్తుందంతే. నున్నటి రోడ్డు మీదే గదా ముల్లు ఎక్కడుందో మనం చూసుకోనిది!

తరవాతి శనివారం వాడు నాతో పబ్బుకొచ్చి, ఆల్కహాలు తీసేసిన గిన్నిస్ 0.0 అడిగాడు. 2021 నుంచి అది గట్టిగా చెలామణిలో ఉంది. అదే నైట్రజన్, అదే తుపాను, అదే మీగడ. మెల్లగా తాగి, మూతి మీద తెల్ల మీసం తుడుచుకుంటూ అన్నాడు. "నాకు నచ్చింది బీరు కాదేమో అన్నయ్యా. ఈ నురగేనేమో!"

అలాగని మారిపోయి మహాత్ముడైపోయాడని చెప్పను. పరీక్షలైన రోజు అసలుదే తాగాడు. కాని ఒకటే. రెండోది తెమ్మన్న స్నేహితుడితో 'ఇది లార్జిరా' అనడం నేను నా చెవులతో విన్నాను. నాకది చాలు.

నా ఓటు

ఇంతకీ నైట్రజన్ బీరు మంచిదా, కాదా అని అడుగుతారు. చెబుతాను.

స్టౌట్‌కి నైట్రజన్ ఉండాలి. కింద మాడు చేదు ఉంది గనక పైన మీగడ రాణిస్తుంది. గట్టి కథకి మంచి ఫొటోగ్రఫీ లాగ. హాప్ వాసన మీద బతికే బీర్లకి వద్దు. డబ్బాలోది సెకండ్ రన్ ప్రింటు. బొమ్మ పడుతుంది గాని హాల్లో చూసిన కళ రాదు. పీపాలో తనంతట తాను పొంగే బీరు దొరికితే దానికో దణ్ణం. తాగనివాళ్ళకి 0.0 ఉంది, అంతకుముందే అమ్మమ్మగారి తిరగబోసిన కాఫీ ఉంది.

ఆ రెండు నిముషాల ఎదురుచూపుకి మాత్రం నా పూర్తి ఓటు. తాగుడులో నేను చూసిన మంచి ఏదైనా ఉంటే అదే. గ్లాసు ముందు పెట్టుకుని చెయ్యి వెయ్యకుండా కూచోవడం! మా బాబాయికి ఎవరూ నేర్పని విద్య అది.

మీలో ఎవరికైనా రేపు ఎవరైనా స్నేహితుడు భుజం మీద చెయ్యి వేసి "తాగి చూడరా, పాలలాగే ఉంటుంది" అంటాడు. అప్పుడు నురగ కేసి చూడకండి. శాతం ఎంతో అడగండి, గ్లాసు ఎంతో అడగండి, రెండూ గుణించండి. పోస్టరు చూసి బ్లాకులో టికెట్టు కొని, లోపలికెళ్ళి తలపట్టుకున్న అనుభవం మనలో ఎవరికి లేదు చెప్పండి? ఆమాత్రం తెలివి మనకి ఉండదా ఏం!